అతుకులు విప్పిన పడవ

పదకొండో భాగం

పోయిన వారం అంజనమ్మను సిద్ధేశ్వరం ఇసుకతిన్నె మీద, పక్కకు ఒరిగిన పడవ నీడలో కూర్చోబెట్టి వచ్చాం. ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు.

అంజనమ్మది జమ్మలమడుగు, నేతపనివాళ్ళ ఇల్లు. కిందటి కార్తీకంలో ఆమె పెద్దకూతురు ఓబుళమ్మ, ఆత్మకూరులో కాపురం చేసుకుంటున్న పిల్ల, సంగమేశ్వరం రేవులో స్నానానికి దిగి కృష్ణలో కొట్టుకుపోయిందని కబురు వచ్చింది. శవం దొరకలేదు. తండ్రి రామలింగప్ప ఒక్కడే పరుగెత్తి, అల్లుడు గురప్పతో కలిసి దర్భబొమ్మను కాల్చి, గుండుతో ఇంటికి వచ్చాడు. బిడ్డను మింగిన నీళ్ళను కంటితో చూస్తేగాని తన కడుపు చల్లారదని అంజనమ్మ ఏడాది పోరింది. చివరకు ఈ కార్తీకంలో కర్నూలు నుంచి సంగమేశ్వరం మీదుగా సిద్ధేశ్వరం దాకా వెళ్ళివచ్చే విహారపు పడవ ఎక్కారు మొగుడూ పెళ్ళాలు. మొన్న సంగమేశ్వరంలో బిడ్డకు ఏడాది పెట్టారు. ముత్తయిదువగా పోయింది కాబట్టి పసుపూ కుంకుమా రవికగుడ్డా నీళ్ళలో వదిలారు. నిన్న సిద్ధేశ్వరం చేరగానే పడవ మనిషి గాబ్రియేలు, రెండు రోజులు పడవ కదలదని చెప్పాడు.

అక్కడినుంచి...

* * *

పడవను దుంగల మీద దొర్లించి ఇసుకలోకి లాగి, ఎడమపక్కకు ఒరిగించి, కింద రాళ్ళు పెట్టారు. నిన్నటిదాకా నీళ్ళమీద ఠీవిగా నడిచిన పడవ ఇప్పుడు కడుపు బయటపెట్టుకుని పడుకున్న ఎనుములా ఉంది. గాబ్రియేలు మనుషులు ఇద్దరు కొంకి కత్తులతో పలకల సందుల్లోంచి పాత గుడ్డపీచు లాగుతున్నారు. నల్లగా, తడిగా, చేపల కంపు కొడుతూ అది మూరలకు మూరలు బయటికి వస్తోంది. పక్కన మూడు రాళ్ళ పొయ్యిమీద గుగ్గిలమూ కానుగనూనే ఉడుకుతున్నాయి.

విహారానికని బయలుదేరినవాళ్ళకు ఇదంతా కంటగింపుగా ఉంది. కర్నూలు రాజధాని అయ్యాక కోస్తా జిల్లాలనుంచి వచ్చి గుడారాల్లో కాపురం పెట్టిన గుమాస్తాల కుటుంబాలు నాలుగు ఉన్నాయి పడవలో. వాళ్ళలో ఒకావిడ గొడుగు కింద నిలబడి గాబ్రియేలును నిలదీసింది.

"మా వారికి దొరక్క దొరక్క అయిదు రోజుల సెలవు దొరికిందయ్యా. ఈ ఇసకలో కూర్చోడానికా మేం వచ్చింది? బయలుదేరే ముందే చేసుకోలేకపోయారూ ఈ మరమ్మతు?"

గాబ్రియేలు సుత్తి దించి, నొసటి చెమట తుడుచుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి. కడప పక్క మిషను బడిలో వడ్రంగం నేర్చి, బెజవాడ కాలువల మీద పదేళ్ళు పడవలు కట్టి, కర్నూలు కంట్రాక్టరు ఒకాయన ఈ పడవను తెప్పించినప్పుడు దాంతోపాటే తన సీమకు తిరిగి వచ్చినవాడు.

"మూడు దఫాలు పోయివస్తే ఒక దఫా చెయ్యవలసిన పనే ఇది, అమ్మగారూ. ఎండకు పలకలు నోళ్ళు తెరిచినాయి. ఈ పొద్దు చెయ్యకపోతే ఎల్లుండి ఎదురునీళ్ళలో అందరం నీళ్ళు తోడుకుంటా కూచోవల్ల. కొండ ఎక్కి గుడి చూసి రాండి. ఈడ గాలి బాగుంటాది."

ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ పిల్లలను వెంటపెట్టుకుని కొండదారి పట్టారు. తిన్నె మీద పనివాళ్ళూ, అంజనమ్మా, దూరంగా బండ నీడలో తలగుడ్డ ముఖంమీదికి లాక్కుని పడుకున్న రామలింగప్పా మిగిలారు. ఆయన పడవ ఎక్కిన దగ్గరనుంచీ అంతే. ఎవరితోనూ మాట కలపడు. అన్నం పెడితే ఏటివైపు తిరిగి తింటాడు. బిడ్డ పోయిన తావు కదా, మగవాడి దుఃఖం అట్లాగే ఉంటుందని అంజనమ్మ సరిపెట్టుకుంది.

ఆమె చేతులకు ఊరికే ఉండడం చేతకాదు. ఏడో ఏట కండెలు చుట్టడం మొదలుపెట్టిన చేతులు. నీడలో ఈరక్క పాతచీరలు పేలికలుగా చించి, తాడులా పురిపెట్టి, నూనెకుండలో వేస్తూ ఉంటే చూసి చూసి పక్కన వచ్చి కూర్చుంది.

"నాకూ కొన్ని ఇయ్యి ఈరక్కా. పురి నేనూ పెడతా."

ఈరక్కకు అరవై దాటాయి. బెస్తల ముసలామె. పడవలో వంట ఆమెదే, ఈ పేలికల పని ఆమెదే.

"నీకేంటికి అమ్మీ ఈ కంపు? కొండెక్కి దేవుణ్ణి చూసిరాగూడదా?"

"దేవుణ్ణి మొన్న చూసినాలే."

ఈరక్క మూట ఆమె ముందుకు తోసింది. అంజనమ్మ పురిపెడుతూ ఉంటే ముసలామె చూసి మెచ్చుకుంది. గట్టిగా, సన్నగా, ఒక్క ముడి లేకుండా వస్తోంది. రెండు మూరలు, నాలుగు మూరలు. ఏడాదిగా మగ్గం గుంటలో కాలు పెట్టలేదు అంజనమ్మ. పలక తోస్తే ఆ చప్పుడులో బిడ్డ పిలిచినట్టే ఉండేది. ఇవాళ చేతికి పని తగలగానే గుండె కొంచెం తేలికైనట్టనిపించి, అలా తేలికైనందుకు మళ్ళీ తనమీద తనకే కోపం వచ్చింది.

మూట అడుగుకు పోయింది చెయ్యి. తగిలిన గుడ్డ ఏదో కంటికంటే ముందు వేలికి తెలిసింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ నూలు, ఆ నేత చేతికి కొత్త కాదు. బయటికి లాగింది. బెత్తెడు వెడల్పు పేలిక. ఒక అంచున కోటగోడ పళ్ళలా లేచే కోటకొమ్మ నేత, వెలిసిన ఎరుపు. ఆమె దాన్ని తొడమీద పరిచి కొమ్మలు లెక్కపెట్టింది. తొమ్మిది కొమ్మలు ఎరుపు. పదో కొమ్మనుంచి వక్కరంగు.

ఆ అంచు లోకంలో ఇంకొకటి ఉండదు. కిందటేడు దసరాకు ముందు ఆ చీర నేస్తూ ఉండగా పైటచెంగుకు మూరెడు ఇవతల ఎర్రనూలు అయిపోయింది. అద్దకమాయన ఊర్లో లేడు. ఆగి మళ్ళీ అద్దించడానికి వ్యవధి లేదు, ఓబుళమ్మను అత్తగారింటికి పంపే బండి మర్నాడే. వక్కరంగు నూలు కలిపి ముగించేసింది. ఆ చీర ముచ్చటపడి నేసింది కాదు. అప్పటికి రెండుసార్లు పుట్టింటికి వచ్చి, "నేను ఆడికి పోనమ్మా, ఆయన చెయ్యి నాకు పడదమ్మా" అన్న పిల్లను బుజ్జగించి పంపడానికి నేసింది. "కొత్తచీర కట్టుకోని నవ్వు మొగంతో పో, అంతా సర్దుకుంటాది" అని తానే కుచ్చిళ్ళు పోసి కట్టింది.

నెల తిరగకముందే రామలింగప్ప గుండుతో వచ్చి గడపలో నిలబడి ఏం చెప్పాడు? "నువ్వు నేసిన చీర మీదనే ఉండె. చీరతోనే పోయింది."

"ఈరక్కా." పేలిక ముందుకు చాచింది. "ఈ చీర యాడిది?"

ముసలామె ఓరకంట చూసి, పురిపెడుతూనే అంది. "అదా? మా పిల్లది. పోయేటప్పుడు నాకిచ్చి పోయింది. ఎండాకాలమంతా నేనే కట్టుకుంటి. చినిగిపాయె."

"ఎవరు మీ పిల్ల?"

"ఏట్లో దొరికిన పిల్ల లే. పోయిన కార్తీకంలో సంగమేశ్వరం దిగువన గాబ్రియేలు పట్టి పడవలోకి లాగె. నీళ్ళు కక్కించి, రొట్టె తినిపించి, మూడు దినాలు నేను పక్కలో పండుకోబెట్టుకుంటి. ఈ పనంతా అదే చేస్తాండె నాతోపాటు. నీ మాదిరే సన్నంగా పెట్టేది పురి. పేరడిగితే రెండు దినాలు చెప్పలే. ఆమీట చెప్పిందిలే, ఓబుళమ్మ అని..."

ఈరక్క అప్పుడు తలెత్తి చూసింది. చూసి, చేతిలోని గుడ్డ జారవిడిచింది.

"అమ్మీ, ఏమైంది? యాలట్ల చూస్తావు?"

అంజనమ్మ రెండు చేతులతో ముసలామె మోకాళ్ళు పట్టుకుంది. "బతికుండాదా?" అనడానికి మూడుసార్లు ప్రయత్నం చేయాల్సివచ్చింది.

"అయ్యో, బతికుండాది! పోయిన దఫా వచ్చినప్పుడు గూడా చూస్తిమి. అదో, ఆ అవతలి ఒడ్డున గుడిసెలు కనపడలా? ఆడ మా చుట్టాల ఇంట్లో ఉండాది. మాపుటేల నీళ్ళకు దిగుతాది ఏటికి."

అంజనమ్మ అవతలి ఒడ్డు చూసింది. అక్కడ ఏరు రెండు కొండల నడుమ ఇరుకై పారుతుంది. ఇరుకంటే ఇరుకూ కాదు. అవతల నిలబడ్డ మనిషి ఆడో మగో తెలుస్తుంది, ముఖం తెలియదు. ఆ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం. గడ్డికప్పు గుడిసెలు అయిదారు, ఆరేసిన వలలు, ఒక మేక. ఏడాదిపాటు నిద్రలో, మెలకువలో, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఏ పిల్లను చేపలు తిన్నాయని తలుచుకుని తలుచుకుని కుమిలిందో, ఆ పిల్ల అక్కడ నీళ్ళకు దిగుతుంది.

సంతోషం రావాలి కదా. వచ్చింది. కాని అది వచ్చిన మరుక్షణమే దాని వెనకే ఇంకొకటి వచ్చి నిలబడింది. చీరతోనే పోయిందని చెప్పింది ఎవరు?

లేచింది. పేలిక చేతిలోనే ఉంది. కాలుతున్న ఇసుకలో చెప్పులు లేకుండా బండ దగ్గరికి నడిచింది. రామలింగప్ప అలికిడికి తలగుడ్డ తీసి చూశాడు. పేలిక ఆయన ఛాతీమీద పరిచింది, అంచు పైకి కనబడేట్టు.

ఆయన దాన్ని చూశాడు. లేచి కూర్చున్నాడు. ఇదేమిటని అడగలేదు.

ఆయన అడిగి ఉంటే బాగుండేది. ఆశ్చర్యపోయి, కొయ్యబారి, "ఇది ఓబుళమ్మ చీర కాదా, యాడ దొరికింది?" అని ఉంటే అంజనమ్మ ఆ కాళ్ళమీద పడి, మన బిడ్డ బతికుండాదయ్యా అని ఏడ్చేది. ఆ ఒక్క ప్రశ్న కోసం ఎదురుచూస్తూ నిలబడింది. అది రాలేదు.

"నీకు తెలుసు," అంది.

రామలింగప్ప ఏటివైపు చూస్తున్నాడు.

"ఏమయ్యా, నిన్నే. నీకు తెలుసు గదా?"

గాబ్రియేలు సుత్తి పక్కన పెట్టి వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు. "మూడు దినాల నుంచి చూస్తాండా పెద్దాయనా," అన్నాడు మెల్లిగా. "చెప్తావేమో, చెప్తావేమో అని. మొన్న రేవులో ఆ తల్లి పసుపు కుంకుమ వదుల్తాంటే నాకు కాళ్ళూచేతులు ఆడలే. నీ నోటితో చెప్పవలసిన మాట నేను చెప్పగూడదని ఊరకుంటి. ఇంగ ఊరకుండను. నువ్వు చెప్పు, లేదంటే నేను చెప్తా."

కర్నూలు రేవులో ఈ పడవను చూడగానే రామలింగప్ప అడుగు ముందుకు పడకపోవడం అప్పుడు గుర్తుకొచ్చింది అంజనమ్మకు. "ఒంట్లో బాగలేదు, ఈ తూరికి వద్దు" అన్నాడు. "నువ్వుండు, నేను పోయొస్తా" అని ఆమె గబగబా పలకమీద కాలు పెడితే వేరే దారిలేక వెనకే ఎక్కాడు.

"చెప్పయ్యా," అంది. "నేను కూచుంటా. నువ్వు చెప్పు." నిజంగానే ఇసుకలో కూర్చుంది, కథ వినడానికి కూర్చున్నట్టు.

రామలింగప్ప నోరు విప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఒక్కసారిగా అంత మాట్లాడ్డం ఆమె ఎరగదు.

"మూడో దినం. బొమ్మను కాల్చి, గుండు చేయించుకోని, మునిగి లేసినా. గురప్పావాళ్ళు బండి కట్టుకోని పోయిరి. నేను తడిగుడ్డలతో మెట్లమీద కూచోనుంటే ఈ గాబ్రియేలు వచ్చి, జమ్మలమడుగు రామలింగప్ప నువ్వేనా అన్యాడు. పడవ కాడికి తోడుకపోయినాడు. ఆడ ఒక్కతే కూచోనుండాది, ఈ ముసలామె అంగడికి పోయుండె. కాలుజారి పడలే అంజనా. తనే దూకిందంట."

అంజనమ్మ కళ్ళు మూసుకుంది. ఆ మాట తనకు ఎప్పుడో తెలిసినట్టే ఉంది. కుచ్చిళ్ళు పోస్తున్నప్పుడే తెలిసినట్టు ఉంది.

"నన్ను చూసి లేచి ఎదురొచ్చింది. నా గుండు చూసింది. 'ఎవరు పోయినారు నాయనా? జేజి పోయిందా?' అని నా చెయ్యి పట్టుకోని ఏడ్చింది."

ఆయన ఆగిపోయాడు. గాబ్రియేలు మొహం తిప్పుకున్నాడు.

"నువ్వేం చెప్పినావు?" అంది అంజనమ్మ.

"మాయమ్మకేం కాలే, జేజి బాగుండాది అని చెప్పినా. ఇంకేం చెప్పలేకపోతి. అది కొంచేపు నన్నే చూసె. చూసి చూసి, దానికదే తెలుసుకునె."

"ఆమీట?"

"ఇంటికి పోదాం నాయనా అనె." రామలింగప్ప రెండు అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వే చెప్పు, ఎట్ల తోడుకొస్తును? ఆపొద్దే కాల్చింటిమి. ఊరికి కబురు పోయింది. నలుగురూ మనింటికి వచ్చి కూచోనుంటారు. చిన్నదాని లగ్గం మాఘానికి కుదిరింది. అక్క అత్తగారింటి నుంచి ఏట్లో దూకి, మూన్నాళ్ళు పడవ మగోళ్ళ నడుమ ఉండి వచ్చిందంటే ఆ సంబంధం నిలుస్తాదా? మాఘం దాకా ఈ ముసలామె కాడ ఉండు, పెండ్లి అయిన మర్నాడే వచ్చి తోడుకపోతా అని చెప్పినా. సరేనన్యాది. దాని మీద ఒట్టు, సరేనన్యాది."

"మాఘం పోయింది."

"పోయింది."

"ఫాల్గుణం పోయింది. నువ్వు రాలే."

"పొద్దు పొద్దునా అనుకుంటాంటి. ఈపొద్దు చెప్తా, రేపు చెప్తా. నీ మొగం చూస్తే నోరు రాదు. ఒక దినం దాటేకొద్దీ ఇంగొక దినం కష్టమాయె. చెప్పితే నువ్వు ఆ గడియలోనే బయలుదేరుతావు, నిన్ను పట్టి ఆపేది నా చేతగాదు..."

"చిన్నదాని పెండ్లిలో," అంది అంజనమ్మ. గొంతు పెంచలేదు. "తలంబ్రాల పళ్ళెం నా చేతిలో ఉండె. పెద్దది లేకపాయెనే అని అందరి ముందర కూలబడితి. నువ్వు వచ్చి నన్ను లేపినావు. నా భుజం తట్టినావు. 'దాని రుణం అంతే అంజనా, ఊరుకో' అన్యావు. ఆ మాట నీ నోటికి ఎట్ల వచ్చింది?"

ఆయన ఒళ్ళో పడ్డ పేలికను మడతలు పెట్టాడు.

"నేను రాత్రిళ్ళు లేచి కూచుంటే నువ్వూ లేచి కూచునేవాడివి. నాతోపాటు ఏడుస్తాండాడు, ఈయనకూ నిద్ర పట్టదు పాపం అని నీకు మజ్జిగ కలిపి ఇచ్చేదాన్ని. మొన్న ఆ రేవులో నా పక్కన నిలబడి పసుపు కుంకుమ అందించినావే. నా బిడ్డ బతికుండంగా నా చేత ఏడాది పెట్టించినావే!"

అప్పుడు ఏడ్చింది. ఏడాదిగా ఏడ్చిన ఏడుపు వేరు. అది పోయినదాని కోసం. ఇది కళ్ళ ముందు కూర్చున్నవాడి కోసం, ఇరవై ఎనిమిదేళ్ళు పక్కన నడిచిన మనిషి కోసం, తనకోసం. ఇసుకలో ముఖం పెట్టి, పిడికిళ్ళతో ఇసుకను కొడుతూ ఏడ్చింది. ఈరక్క వచ్చి వెన్ను నిమురుతూ కూర్చుంది. రామలింగప్ప చెయ్యి చాచబోయి, మధ్యలోనే వెనక్కు తీసుకున్నాడు.

కాసేపటికి ఆమె తల ఎత్తింది. నొసట, చెంపల మీద ఇసుక.

"గాబ్రియేలూ, పడవ నీళ్ళలోకి తొయ్యి నాయనా."

"ఎట్లక్కా? సందులన్నీ విప్పినాం. అట్లే తోస్తే పది బారలు పోకముందే మునుగుతాది."

"ఎంతసేపు పడ్తాది మూసేదానికి?"

"గుడ్డ కూరేది ఈ మాపు దాకా. గుగ్గిలం పూసి ఆరేదానికి రేపంతా. ఎల్లుండి పొద్దునకు గాని నీళ్ళు తాకగూడదు."

"నేనూ కూరుతా. నేర్పించు."

గాబ్రియేలు ఆమెను చూసి కాదనలేకపోయాడు. ముందు ఏటి ఒడ్డుకు వెళ్ళి, రెండు అరచేతులు నోటికి అడ్డం పెట్టి, తోలు చుట్టిన బుట్టపడవ పంపమని అవతలి గుడిసెల బెస్తలకు కేకవేశాడు. "ఓ కంబన్నా! పుట్టి పంపు, పుట్టీ!" కొండల నడుమ ఆ కేక రెండుసార్లు తిరిగింది. అవతలినుంచి ఎవరిదో సన్నటి జవాబు వచ్చింది. గాబ్రియేలు చెవి ఒగ్గి విని, తిరిగి వచ్చాడు.

"పుట్టికి తోలు మారుస్తాండారంట. రేపు పొద్దునకు పంపుతాడంట. ఒక్క పూట ఓర్చుకో అక్కా."

ఒక్క పూట! అంజనమ్మ పడవ పక్కన గొంతుక్కూర్చుంది. పనివాడొకడు సందులో పెట్టాల్సిన చదును ఉలి, కొయ్యసుత్తి ఆమె చేతికిచ్చాడు. నూనెలో నానిన పురిని సందుకు ఆనించి, ఉలి పెట్టి, సుత్తితో కొట్టాలి. మొదటి దెబ్బలు వేలిమీద పడ్డాయి. తర్వాత చెయ్యి కుదిరింది. పలక తర్వాత పలక. కొట్టిన ప్రతి దెబ్బకూ కళ్ళలోంచి నీళ్ళు రాలుతూనే ఉన్నాయి, ఆమె తుడుచుకోవడం మానేసింది. పుట్టి రేపు వస్తుందని తెలుసు, ఈ పడవతో పనిలేదని తెలుసు. అయినా కొట్టింది. ఊరికే కూర్చుంటే ఆ ఏట్లోకి నడిచిపోతుందేమోనని ఆమెకే భయంగా ఉంది.

మధ్యలో ఒకసారి రామలింగప్ప వచ్చి పక్కన కూర్చుని పురి అందించబోయాడు. ఆమె ఆ పురి తీసుకోలేదు. కుండలోంచి వేరేది తీసుకుంది.

పొద్దు కొండమీదికి వాలింది. గుడికి పోయినవాళ్ళు ఇంకా దిగలేదు. ఏటిమీద వెలుగు పసుపు పచ్చగా పరుచుకుంది. ఈరక్క చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని అవతలికి చూస్తూ, ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"అమ్మీ! అదో! దిగుతాండాది!"

సుత్తి ఎక్కడ పడిందో తెలియదు. అంజనమ్మ నీటి అంచుకు పరుగెత్తింది. గుడిసెల మధ్యనుంచి ఒక ఆడమనిషి నడుమున కడవతో రాళ్ళమీదుగా దిగివస్తోంది. ముఖం తెలియదు. తెలియాల్సిన పనిలేదు. కుడికాలు కొంచెం బయటికి వేసే ఆ నడక, కడవలేని చేతిని వెనక్కు విసిరే ఆ విసురు. తప్పటడుగుల నాటినుంచి చూసిన నడక. సన్నబడింది. చాలా సన్నబడింది.

"ఓబుళీ!"

పిలిచాననుకుంది. కేక గొంతులోనే నలిగి గాలి మాత్రం వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు కొట్టుకుపోయింది. మళ్ళీ పిలిచింది. మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి, రెండు చేతులూ ఎత్తి ఊపుతూ పిలిచింది. అవతల ఆ పిల్ల వంగి కడవ ముంచుతోంది. వినపడలేదు. ముంచి, కడవ రాతిమీద పెట్టి, పైట సర్దుకుంటోంది. ఇంకొక నిమిషమైతే కడవ ఎత్తుకుని వెళ్ళిపోతుంది.

"నేను పిలుస్తా," అన్నాడు గాబ్రియేలు వెనకనుంచి. అతను చేతులు నోటిదాకా తెచ్చేలోపలే రామలింగప్ప అతన్ని దాటుకుని నీళ్ళలోకి వచ్చాడు. ఆయన ముఖం చూడలేనట్టుగా ఉంది. చేసిన తప్పంతా ఆ ఒక్క పిలుపుతో కడుక్కుందామన్నట్టు, ఉన్న బలమంతా కూడదీసి కేకవేశాడు.

"ఓబుళమ్మా! నాయననమ్మా! మీ నాయనను!"

కొండలు ఆ గొంతును పట్టుకుని ఒడ్డునుంచి ఒడ్డుకు మోశాయి.

అవతల ఆ పిల్ల తలెత్తింది. చూసింది. అంజనమ్మ చేతులు ఊపుతూనే ఉంది. పిల్ల ఇటే చూస్తోంది, కొయ్యబొమ్మలా. ఒక్క క్షణం, రెండు క్షణాలు. నీళ్ళలోకి అడుగు పెడుతుందేమో, చెయ్యి ఎత్తుతుందేమో అని తల్లి ఇంకొక అడుగు లోపలికి వేసింది.

పిల్ల వెనక్కు తిరిగింది. కడవ రాతిమీదే వదిలేసింది. చీర మోకాళ్ళపైకి ఎగదోసుకుని, పడుతూ లేస్తూ, రాళ్ళు పట్టుకుని పాకుతూ, తరుముకొస్తున్నవాడి నుంచి పారిపోయినట్టు కొండపైకి పరుగెత్తింది. గుడిసెల దగ్గర కూడా ఆగలేదు. గుడిసెలు దాటి, వలలు దాటి, చెట్లలోకి వెళ్ళిపోయింది.

కడవ ఒక్కటే రాతిమీద మిగిలింది.

అంజనమ్మ ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి. మెల్లిగా దించింది. మెల్లిగా భర్తవైపు తిరిగింది. ఇప్పుడామె కళ్ళలో నీళ్ళు లేవు.

"తోడుకపోతానని చెప్పి రాకపోతే అలుగుతారు," అంది. "ఏడుస్తారు. తిడతారు. మొగం చాటేస్తారు. నీ గొంతు విని అట్ల అడవిలోకి పరుగెత్తరు. నా బిడ్డ నిన్ను చూసి భయపడింది. నువ్వు నాకు చెప్పంది ఇంకేముంది?"

రామలింగప్ప నడుములోతు నీళ్ళలో నిలబడి, ఖాళీగా ఉన్న అవతలి ఒడ్డునే చూస్తున్నాడు.

"చెప్పయ్యా!"

"ఉగాది పోయినాక," అన్నాడు చివరకు, ఆమెకు కూడా సరిగా వినపడనంత నెమ్మదిగా. "సంగమేశ్వరంలో పడవ కట్టేసి ఉండె. ఈ ముసలామె ఊరికి పోయుండె. అది ఒక్కతే పడవలో ఉండె. నేను ఇంగొకసారి వచ్చినా అంజనా."

మొదటిసారి ఆమెవైపు తిరిగాడు.

"ఒక్కణ్ణే రాలే."